గడ్డిబండి కేక

గుర్రం కడుపు బిగబట్టింది. డెల్మర్ మోకాలితో మెల్లగా పొడిచాడు. అది ఊపిరి వదలగానే జీను పట్టీని ఇంకో బెత్తెడు లాగి ముడేశాడు. అరవై దాటిన మనిషి, వంగిన నడుము, పగిలిన బొటనవేళ్లు. ఆకురాలే కాలంలో వయోమింగ్ కొండల్లో వేటగాళ్లకు దారి చూపేవాడు. మంచు పడ్డాక మేత లేక కొండ దిగివచ్చే ఎల్క్ దుప్పులకు, గుర్రాలు లాగే జారుబండి మీద నిలబడి గడ్డి విసిరేవాడు. ఇంతకు మించి అతని బతుకులో చెప్పుకోవడానికేమీ లేదు.

వేట విడిది నడిపే నోరీన్ కాఫీ లోటాతో గుడారం బయటికొచ్చింది.

"ఇవాళే ఆఖరు రోజు డెల్మర్. ఈ ఏడు ముగ్గుర్ని ఉత్తచేతుల్తో పంపావు. చూపానడం లేదా, దుప్పులు నీకు చుట్టాలైపోయాయా? గ్రేడీగారు కూడా అలాగే పోతే, వచ్చే ఏడు గిన్నెలు తోముకుందువుగాని."

వంట దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. డెల్మర్‌కు చెవులు కాలాయి.

ఆ రోజు వేటకు డెల్మర్ వెంట వచ్చిన గ్రేడీ పెద్దమనిషి, ఆయాసం మనిషి. నాలుగు చెట్లకోసారి ఆగి, "నావల్ల నీకెంత ఇబ్బందయ్యా" అనేవాడు. పొద్దు వాలేవేళకు ఇద్దరూ గడ్డిబయలు అంచున పడిపోయిన మాను వెనక కూర్చున్నారు. పోతు దుప్పి కూతలాగే డెల్మర్ గొట్టం ఊదాడు. బదులు రాలేదు. కాసేపటికి ఎదుటి చీకటి చెట్లలో కొమ్ముల కొనలు కదిలాయి. దుర్భిణిలో చూశాడు. ఎడమ కంటి మీదికి వంగిన కొమ్ము.

గుర్తుపట్టాడు. ఎన్నో చలికాలాలుగా అందరికంటే ముందు బండి పక్కకొచ్చి నిలబడేది అదే. గొట్టం కూతలకు మోసపోయే రకం కాదు.

"అమ్మో, ఏం కొమ్ములయ్యా!" అన్నాడు గ్రేడీ గుసగుసగా. "అది బయటికి రాదులే. కళ్లారా చూశాం, నాకదే చాలు. పోదాం పద."

డెల్మర్ లేవబోయాడు. పొద్దుటి నవ్వు చెవిలో మెదిలింది. గొట్టం పక్కన పెట్టి, రెండు చేతులూ నోటికి దోనె పట్టి, గడ్డిబండి మీద వేసే కేక వేశాడు.

"హోయ్ మాలీ! హోయ్ టామ్! రండర్రా, రండి!"

పోతు బయటికొచ్చింది. బెదురూ లేదు, రోషమూ లేదు. పిలిచిన పంక్తికి వచ్చినట్టు తల వంచుకుని నడిచివచ్చింది. బయలు నడుమ ఆగి, వాళ్ల వెనక ఇంకేదో ఉన్నట్టు మెడ సాచి చూసింది. బండి కోసం.

తుపాకీ పేలింది.

గ్రేడీ కళ్లు తుడుచుకున్నాడు. తరవాత కత్తితో దాని పైదవడలోని, వేటగాళ్లు గుర్తుగా దాచుకునే రెండు దంతాలు తీసి డెల్మర్ అరచేతిలో పెట్టాడు.

"ఇవి నీకే. అవునూ, మాలీ, టామ్ ఎవరయ్యా?"

"గుర్రాలండీ."

"గుర్రాల్ని పిలిస్తే దుప్పి రావడమేమిటి?"

డెల్మర్ దంతాలు జేబులో వేసుకున్నాడు. కత్తి నూరడంలో పడ్డాడు.

విడిదిలో కొమ్ముల్ని చూడగానే నోరీన్ అరిచింది: "ఓరి నీ! చుట్టాన్నే పట్టుకొచ్చావే!" అందరూ విరగబడి నవ్వారు. ఎవరో వీపు చరిచారు. డెల్మర్ పళ్లెంలో ఆ దుప్పి కాలేయం వేపుడు ముట్టకుండానే చల్లారింది.

"నోరీన్, ఈ చలికాలం గడ్డి వెయ్యడానికి ఇంకెవర్నైనా చూసుకోమని గడ్డికొట్టం వాళ్లతో చెప్పు."

"ఏమొచ్చింది?"

"గొంతు బాగాలేదు."

"రోజుకు నాలుగు మాటలు మాట్లాడేవాడివి, నీకు గొంతుతో పనేంటయ్యా?"

అతను పరుపు చుట్ట భుజాన వేసుకున్నాడు. దీపాలు ఆర్పకముందే అతని పాత ట్రక్కు కొండ దిగింది. గడ్డికొట్టం దగ్గర కాసేపు ఆగి, లోయ దాటి వెళ్లిపోయింది. మళ్లీ ఆ వైపు ఎవరికీ కనపడలేదు.

తొలి మంచుకు కొత్త మనిషి కొట్టం తలుపు తీశాడు. జారుబండి మీద, బూట్ల రాపిడికి గుంటపడిన పలకలో, చింతగింజలంత రెండు దంతాలు పక్కపక్కనే ఉన్నాయి.