పందొమ్మిది మందికి జ్ఞానతల్లి

గుడి కట్టి డెబ్బై ఐదేళ్ళవుతోందని ఫాదర్‌గారు చరిత్ర పుస్తకం రాస్తున్నారు. రాయడమంటే ఏముంది, పిన్ని చెబుతుంది, ఆయన రాసుకుంటారు. వచ్చి నాలుగు నెలలైనా కాని మనిషికి ఏం తెలుస్తుంది పాపం! గంట ఎప్పుడు తెచ్చారు, పైకప్పు ఏ గాలివానకు ఎగిరిపోయింది, ఏ ఫాదర్ కోపిష్టి, ఏ ఫాదర్ పాట ఎత్తుకుంటే పావురాలు పారిపోయేవి, అన్నీ పిన్నికి కొట్టిన పిండే. నలభై ఏళ్ళుగా ఆ గుడి ఊడుస్తోంది మరి. అందరికీ ఆమె పిన్నే. అసలు పేరేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పుస్తకానికెక్కని చరిత్ర ఒకటుంది. జ్ఞానస్నానానికి, అదే బాప్తిస్మానికి, బిడ్డను తెచ్చాక, జ్ఞానతల్లిగా నిలబడాల్సిన మనిషి రాకపోతే, పాత ఫాదర్‌గారు "పిన్నీ, ఆ చీపురు అవతల పెట్టి ఇలా రా" అనేవారు. అలా పందొమ్మిది మంది. బిడ్డను ఎత్తుకుని, బిడ్డ తరఫున దేవుడికి మాట ఇచ్చి, రిజిస్టరులో తన అసలు పేరు తనే చెప్పి రాయించి, ఫోటో తీసే వేళకి పక్కకి తప్పుకునేది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. రోజూ పడుకోబోయే ముందు ఆ పందొమ్మిది పేర్లూ తలుచుకుని ప్రార్థన చేస్తుంది. వాళ్ళలో ఒక్కరైనా ఏదో ఒకనాడు వచ్చి "అమ్మా" అని పిలుస్తారని ఆమె ఆశ.

మంగళవారం పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. బ్యాంకులో గుమాస్తా. పెళ్ళికి జ్ఞానస్నాన పత్రం కావాలంది. పిన్ని బీరువాలోంచి రిజిస్టరు తీసి పేజీ తిప్పింది. వెతకాల్సిన పనే లేదు. వరుసలో పన్నెండోది, నీళ్ళు పడగానే గుక్కపట్టి ఏడ్చి, పిన్ని చెవి కమ్మ లాగేసిన పిల్ల.

"ఫాదర్, జ్ఞానతల్లి అని ఇక్కడ ఎవరిదో పేరుంది. ఎవరండీ ఈవిడ? మా అమ్మకేమో గుర్తులేదంటోంది," అంది అమ్మాయి. "ఉంటే పిలవాలి కదా. మొదటి వరుసలో అమ్మ పక్కనే కూర్చోబెట్టాలి." సంచిలోంచి శుభలేఖ తీసి, కలం మూత కూడా విప్పింది.

ఫాదర్‌గారు రాత ఆపకుండానే, "పిన్నిని అడగమ్మా, ఆవిడకు తెలియనివాళ్ళు లేరు," అన్నారు.

పిన్ని లోలోపల వందసార్లు చెప్పుకున్న మాట, తీరా సమయానికి బయటికి రానని మొరాయించింది.

"నేనేనమ్మా," అంది చివరికి. "రావాల్సినావిడకి బస్సు తప్పిపోయింది. నేనే ఎత్తుకున్నా నిన్ను."

"మీరా!" అమ్మాయి మొహం విప్పారింది. "అయ్యో, ఎవరో పెద్దావిడేమో, ఇంటికెళ్ళి పిలవాలేమో, కారు పంపాలేమో అని ఎంత కంగారుపడ్డానో! అమ్మయ్య, మీరైతే పిలవక్కర్లేదు. ఎలాగూ గుడి తెరవడానికి వస్తారుగా!"

శుభలేఖ మళ్ళీ సంచిలోకి వెళ్ళిపోయింది. చెడ్డ పిల్లేం కాదు. పత్రం తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, నవ్వుతూ "థాంక్సండీ" అని కూడా అంది.

పిన్ని రిజిస్టరు మూసి బీరువాలో పెట్టింది.

"పెళ్ళి ఎన్నింటికి?" అని అడిగింది.

"పదింటికండీ."

"తొమ్మిదికే తెరిచి ఉంచుతాలే తల్లీ."