టైరు లోపలి ముల్లు

వారంలో నాలుగోసారి ముందు చక్రం గాలి దిగిపోయింది. నిత్యానందానికి ఒళ్లు మండిపోయింది. పంచరు వేసింది తనే, తిట్టాలంటే తిట్టాల్సిందీ తననే. కానీ అది ఒప్పుకుంటే ఆయన నిత్యానందం ఎందుకవుతాడు? సొల్యూషన్ కల్తీదన్నాడు. ప్యాచీలు పాతవన్నాడు. ఊరి నుంచి దోర్నాల రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు కంకర పరిచి చేతులు దులుపుకున్నవాళ్లను కూడా వదల్లేదు.

ఆ సైకిలు కూతురు దీవెనది. నర్సింగు చదివి, మార్కాపురంలో ఒక ఆసుపత్రిలో చేరి మూడు నెలలే అయింది. పొద్దున్నే సైకిలెక్కి రోడ్డు దాకా పోయి, దాన్ని టీ హోటలు పక్కన పెట్టి బస్సెక్కితే ఏడుకల్లా డ్యూటీలో ఉంటుంది. ఈ వారం మూడు రోజులు సగం దారిలో దిగి సైకిలు తోసుకుంటూ నడిచింది. మూడు రోజులూ బస్సు పోయింది.

"ఇంకొక్కసారి లేటయితే వేరే పిల్లను పెట్టుకుంటామన్నారు నాయనా," అని ఆ సాయంత్రం ఇంటికొచ్చి మెల్లగా చెప్పింది. "రోడ్డు మీద మెకానిక్కు ఉన్నాడు గదా. ఒకసారి ఆయనకు చూపిద్దామా?"

"మెకానిక్కా? మోటారుసైకిళ్లు తప్ప వానికేం తెల్సు? నా చేతులేమన్నా పడిపోయినాయా ఏంది?"

నిజంగానే పడిపోయాయి మరి. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలుసు.

ఆరు నెలలుగా వేళ్ల చివర్లు మొద్దుబారి ఉన్నాయి. చొక్కా గుండీ పట్టుకున్నా పట్టుకున్నట్టు ఉండదు. కాళ్ల సంగతైతే అంతకు ముందు నుంచే. ఒక ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి చూసుకుంటే ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది దారిలో ఎక్కడ జారిందో తెలియనే లేదు. షుగరు బిళ్లలు వేసుకుంటూనే ఉన్నాడు గానీ ఈ మాట భార్య కరుణమ్మతో కూడా అనలేదు. కారణం ఆయన అన్న పౌలు. మూడేళ్ల కిందట పౌలు డాక్టరు దగ్గర కూర్చుని "కాలు నాది కానట్టుందయ్యా" అన్నాడు. పది రోజుల తర్వాత మోకాలి కింద కాలు లేకుండా ఇంటికొచ్చాడు. ఆ రోజే తమ్ముడి మనసులో ఒకటి పాతుకుపోయింది. చెబితే తీసేస్తారు. చెప్పకపోతే ఉంటుంది. అంతే, ఎవరేమన్నా ఆ లెక్క మారేది కాదు.

పైగా ఆయన చేతులు మామూలు చేతులా! ఇరవై ఏళ్లు పలకల గనిలో పనిచేశాడు. రాయిని వేలితో తడిమి పొర ఎక్కడ విడుతుందో చెప్పేవాడు. ఆ చేతులతోనే దీవెనకు సైకిలు నేర్పాడు, బ్రేకులు బిగించాడు, చైనుకు నూనె పెట్టాడు. గని పని మానేశాక కూతురికి తను చేసిపెట్టేది ఆ ఒక్కటే మిగిలింది. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడమంటే ఆయనకు ప్రాణం పోయినట్టే ఉంది.

వాకిట్లో సైకిలును తలకిందులుగా నిలబెట్టాడు. స్పూను కాడలతో టైరు ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి బకెట్లో ముంచాడు. మొన్న వేసిన ప్యాచీ పక్కనే సన్నగా బుడగలు లేచాయి. మళ్లీ అక్కడే! అంటే ముల్లు టైరులోనే ఉండిపోయింది. అది తెలియనంత వెర్రివాడేం కాదు. రోజూ టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడుముతూనే ఉన్నాడు. ముల్లు తగిలేదాకా తడమడమే ఆయనకు తెలిసిన పద్ధతి. కళ్లూ సరిగా ఆనవు, వేళ్లే ఆయన కళ్లు.

ఇప్పుడూ తడిమాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. ఏమీ లేదు.

"ఏం లేదమ్మా. ఈసారి పెద్ద ప్యాచీ ఏస్తా, ఎట్ల దిగుతాదో చూస్తా."

దీవెన ఆయన చేతినే చూస్తోంది. చూపుడువేలి నుంచి రక్తం కారి ట్యూబు మీద చుక్కలు పడుతున్నాయి.

"నాయనా, వేలు తెగింది."

నిత్యానందం వేలు చూసుకున్నాడు. "ఆ, రిమ్ము గీసుకుంది లే," అని లుంగీకి తుడుచుకున్నాడు.

ఆమె లోపలికి పోయి దూదీ స్పిరిటూ తెచ్చింది. వేలు పట్టుకుని స్పిరిటు అద్దింది. పచ్చి గాయం మీద స్పిరిటు పడితే ఎంతటివాడైనా చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. ఆయన మాత్రం ఇంటి కప్పు వైపు చూస్తూ సొల్యూషన్ ట్యూబు మూత ఎక్కడ పడిందో ఆలోచిస్తున్నాడు.

దీవెన మొహం మారిపోయింది. ఇంకో దూది ముక్క తీసుకుని టైరు లోపల పెట్టి నెమ్మదిగా చుట్టూ లాగింది. ఒకచోట దూది పట్టుకుని రాలేదు. పోగులు సాగాయి. అక్కడ టైరు వంచి చూస్తే నల్లటి సర్కారు తుమ్మ ముల్లు, మొన మాత్రమే బయటికి ఉంది. మొన చుట్టూ రక్తం.

మూడుసార్లు ఆయన వేలు దాని మీదుగానే పోయింది. నిత్యానందానికి తల కొట్టేసినట్టయింది.

"కళ్లు మూసుకో నాయనా," అంది దీవెన.

"ఎందుకమ్మా?"

"మూసుకో. దూది వేలికి తగిలినప్పుడల్లా చెప్పు. మా వార్డులో రోజూ చేస్తాం."

మూసుకున్నాడు. పట్టుబడిపోతానని భయం, బయటపడితే చేతులకే మోసమని భయం. మనసులో ఒకటీ రెండూ లెక్కపెట్టాడు. ఈపాటికి పెట్టే ఉంటుంది అనుకున్నాడు.

"ఆ, తగిలింది," అన్నాడు. కొంచెం ఆగి, "ఇదిగో, మళ్లీ."

కళ్లు తెరిచాడు. దూది ఆమె ఒళ్లోనే ఉంది. కూతురి కళ్లనిండా నీళ్లు.

"నేనింకా పెట్టనే లేదు నాయనా."

చేతులు రెండూ ఒళ్లోకి లాక్కున్నాడు. అప్పుడే ఎవరో తీసుకుపోవడానికి వచ్చారన్నట్టు.

"తీసేస్తారా అమ్మా? మీ పెదనాయన కాలు తీసినట్టు?"

"పెదనాయన చెప్పినందుకు తియ్యలా. కాలు కుళ్లేదాకా చెప్పనందుకు తీసినారు," అని ఆమె కళ్లు తుడుచుకుంది. "నీకెన్నాళ్ల నుంచి?"

ఇక దాచడానికి ఏముంది? చెప్పాడు. వేళ్ల సంగతీ, చెప్పు సంగతీ. వింటూనే ఆమె కింద కూర్చుని ఆయన కాలు తన ఒళ్లో పెట్టుకుంది. ఆయన సిగ్గుతో లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. కొత్త దూది తీసి మడమ నుంచి వేళ్ల దాకా నెమ్మదిగా లాగింది.

దూది ఆగిపోయింది. పోగులు సాగాయి.

అచ్చం టైరులో చూసినట్టే చూశాడు నిత్యానందం. బొటనవేలి కింద, కాయ కాసిన చర్మంలో, నల్లటి మొన. చుట్టూ వాచి, నొక్కితే పసుపు పచ్చగా చీము వచ్చింది. ఎన్ని రోజుల నుంచి దాని మీద నడుస్తున్నాడో ఆయనకు తెలియదు.

"రేపు నాతో బస్సెక్కుతున్నావు. కాల్లోని ముల్లు ఆసుపత్రిలో డాక్టరే తీస్తాడు. టైరులోది నేను పీకి ప్యాచీ ఏస్తా. సైకిలు మీద నువ్వు ఎనక కూచో, నేను తొక్కుతా," అంది దీవెన. ఆయన తలూపాడు. చిన్నప్పుడు ఈ పిల్లను వెనక కూర్చోబెట్టుకుని తొక్కింది తనే.

ఆమె ఆయన కాలి గాయానికి గుడ్డ కడుతూ గట్టిగా బిగించింది. నిత్యానందం కళ్లు మూసుకుని ఎదురుచూశాడు. ఏమీ తెలియలేదు. బతుకంతా ఒంటినొప్పి తగ్గించమని అడిగిన మనిషి, ఇప్పుడు పెదవులు కదిపి ఇంకోటి అడిగాడు.

"ప్రభువా, కొంచెం నొప్పెట్టనీ."