యీచున్‌లో వాకబు

యేసుదాసు నోట "బాగుంది" అనిపించుకున్న పెళ్ళి సంబంధం బందర్లో ఇంతవరకు ఒక్కటీ లేదు. మరీ మనసు మెత్తబడితే "పర్లేదు" అంటాడు. ఆ "పర్లేదు" కోసమే చర్చి సంఘంలో సగం కుటుంబాలు ఆయన గుమ్మం ముందు పడిగాపులు పడేవి. మిగతా సగం ఆయనకి తెలియకుండా పెళ్ళిళ్ళు చేసుకుని సుఖంగా ఉన్నాయి. ఆ సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తరు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ఏ ఊళ్ళో ఏ ఇంటి పెద్ద ఎలాంటివాడో టిక్కెట్లు కొడుతూనే కనిపెట్టేవాడు. చల్లపల్లిలో అలిగి బస్సెక్కిన అల్లుళ్ళనీ, పామర్రులో కళ్ళు తుడుచుకుంటూ దిగిన కోడళ్ళనీ ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు. వాకబు చేయడంలో ఆయనకి రెండు పట్టింపులు. పిల్లవాడి ఇంటికి నేరుగా వెళ్ళకూడదు, వెళితే కాఫీ ఇస్తారు గానీ నిజం ఇవ్వరు. ముందు ఆ వీధి సెలూన్‌లోనో చిల్లర కొట్టులోనో అడగాలి. రెండోది, వస్తానన్న రోజుకి ఒకరోజు ముందే దిగాలి. సర్దుకోవడానికి వ్యవధి ఇస్తే ఏ ఇల్లయినా మంచి ఇల్లులాగే కనబడుతుంది.

ఈ పట్టింపుల వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఆయన మేనకోడలు క్రిస్టినా. బావ ఆనందరావు పోయాక, చెల్లెలు శాంతినీ ఆమె కూతుర్నీ తన ఇంటికే తెచ్చుకున్నాడు యేసుదాసు. ఆ పిల్లని చైనా పంపించి డాక్టరు చదువు చదివించాడు. పెళ్ళి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనకి చేతులు రాలేదు. గుడివాడ సంబంధం, వాళ్ళ గుమ్మంలో చెప్పులు చిందరవందరగా పడి ఉన్నాయని వదిలేశాడు. నాగాయలంక కుర్రాడు, ప్రార్థనలో కళ్ళు తెరిచాడని వదిలేశాడు. ఆ కుర్రాడు కళ్ళు తెరిచినట్టు నీకెలా తెలిసింది అన్నయ్యా అని శాంతి అడగబోయి ఊరుకుంది.

చివరికి క్రిస్టినాయే ఒక సంబంధం చూసుకుంది. హార్బిన్‌లో ఆమె పనిచేసే చోటే పనిచేసే సోంగ్ బిన్ అనే కుర్రాడు. సొంతూరు యీచున్, చైనాకి ఈశాన్యాన అడవుల్లో ఉన్న చిన్న పట్నం. ఫోన్‌లో ఆ పిల్ల తిన్నగా చెప్పేసింది.

"మావయ్యా, మీరొచ్చి చూడండి. మీరు సరేనంటేనే చేసుకుంటాను. కాదంటే ఇతన్నీ వదిలేస్తాను. కానీ ఆ తర్వాత నా దగ్గర ఎప్పుడూ పెళ్ళి మాట ఎత్తకండి."

పక్కనే నిలబడి వింటున్న శాంతి అన్నయ్య చెయ్యి పట్టుకుంది. "అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. వంకలు వెతకడానికి కాదు, మనుషుల్ని చూడ్డానికి వెళ్ళిరా."

"వంక లేని మనుషులెక్కడ ఉంటారే?" అన్నాడు యేసుదాసు.

నిజానికి ఆయనకి వంక అప్పుడే దొరికింది. దూరం. కానీ దూరమని చెబితే, పిల్ల మీద బెంగ పెట్టుకున్నాడంటారు. కండక్టరు చేసిన మనిషి దూరానికి బెంగపడ్డాడంటే నలుగురిలో నామోషీ. కాబట్టి చెప్పుకోదగ్గ వంక ఇంకొకటి కావాలి. దాన్ని వెతుక్కుంటూ మంకీ క్యాపు, ఎండు రొయ్యల పొడి, బందరు లడ్డూలు పెట్టెలో సర్దుకుని సెప్టెంబరు ఆఖరులో విమానం ఎక్కాడు.

చైనా అంటే అన్నీ ఆకాశాన్నంటే మేడలే అనుకున్నాడు. హార్బిన్‌లో క్రిస్టినాని కలుపుకుని యీచున్‌లో రైలు దిగితే చుట్టూ కొండలు, కొండల నిండా చెట్లు, మధ్యలో ఒక ఏరు. ఆ ఏటి పక్కన, చెట్లకి ఇబ్బంది కలగకుండా ఒదిగి కూర్చున్నట్టు ఊరు. పైన్ చెట్లు పచ్చగా ఉన్నాయి, మిగతావన్నీ పసుపు, ఎరుపు. దివిసీమలో గట్టు మీద నిలబడితే చేలు, చెరువులు, ఆ చివర ఆకాశం కనబడతాయి. ఇక్కడ ఎటు చూసినా చెట్టే అడ్డం. రోడ్లు మాత్రం వెడల్పుగా ఉన్నాయి, వాటి మీద నడిచేవాళ్ళే లేరు.

"ఇంత ఊరు పెట్టుకుని జనమేరే?" అన్నాడు.

"చెట్లు కొట్టడం ఆపేశారు మావయ్యా. పనుల్లేక కుర్రాళ్ళంతా పెద్ద ఊళ్ళకి వెళ్ళిపోయారు. బిన్ వాళ్ళ నాన్నగారు ఒకప్పుడు చెట్లు కొట్టేవారు. ఇప్పుడు ఆ చెట్లకే కాపలా కాస్తున్నారు."

కుర్రాళ్ళు నిలవని ఊరు, అని యేసుదాసు మనసులో ఒక వంక రాసుకున్నాడు. అది బందరుకి కూడా వర్తిస్తుందని తోచి, వెంటనే కొట్టేసుకున్నాడు.

సోంగ్ వాళ్ళకి శనివారం వస్తామని కబురు. వీళ్ళు దిగింది శుక్రవారం. పిల్లవాడి వీధి చివర ఒక సెలూన్ ఉంది. యేసుదాసు క్షవరానికి కూర్చున్నాడు. క్రిస్టినా పక్కన నిలబడబోతే బయటికి పంపించేశాడు. పెళ్ళికూతురే దుబాసీ అయితే ఇక వాకబేం వాకబు? మాటల్ని అనువదించే యాప్ ఫోన్‌లో ఉంది. అది తెలుగు మాట్లాడితే ఆకాశవాణి వార్తలు విన్నట్టుంటుంది.

"సోంగ్ గారి కుటుంబం ఎలాంటిదమ్మా?" అని అడిగాడు. క్షవరం చేసే ఆవిడ కత్తెర ఆపి, కాసేపు ఆలోచించి, ఏదో చెప్పింది. ఫోన్ గంభీరంగా పలికింది: "ఆ కుటుంబం ఉత్తమమైనది. లోపము ఒక్కటే. తండ్రి శీతాకాలమున మద్యము సేవించును."

యేసుదాసుకి ప్రాణం లేచొచ్చింది. ఆయన సంఘ పెద్ద. తాగుడున్న ఇంటికి పిల్లనివ్వననడానికి ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు. అయినా ఒక్కరి మాట మీద ఆధారపడటం ఆయన పద్ధతి కాదు. అవతల పైన్ గింజలు అమ్మే కొట్టులో దూరి, ఒక పొట్లం కొని, అదే ప్రశ్న వేశాడు. కొట్టు మనిషి ఆయన్ని ఎగాదిగా చూసి నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. ఫోన్ మళ్ళీ పలికింది: "ఆ కుటుంబం ఉత్తమమైనది. లోపము ఒక్కటే. తండ్రి శీతాకాలమున మద్యము సేవించును."

ఇద్దరు సాక్షులు పొల్లు పోకుండా ఒకే మాట చెప్పాక ఇక తిరుగులేదు. గుడివాడలో కూడా ఇంత తేలిగ్గా పని జరగలేదనుకుంటూ బయటికొచ్చాడు. చలికి చేతులు స్వెట్టర్ లోపలికి లాక్కుని, చిన్నప్పుడు బడి గేటు దగ్గర ఆయన కోసం నిలబడినట్టే నిలబడి ఉంది క్రిస్టినా. ఏమన్నారని అడగలేదు. ఆ వంక దొరక్కపోయినా బాగుండేదని యేసుదాసుకి ఒక్క క్షణం అనిపించింది. మంకీ క్యాపు సర్దుకుని ఆ ఆలోచన కూడా సర్దేశాడు.

ఒకరోజు ముందే తలుపు కొడితే ఇంటివాళ్ళు కంగారు పడాలి. వీళ్ళు పడలేదు. గుమ్మం పక్కన చెప్పులు గీత గీసినట్టు వరసగా ఉన్నాయి. బల్ల మీద ఉడికించిన కజ్జికాయల్లాంటి డంప్లింగ్స్ పొగలు కక్కుతున్నాయి, అడవి పుట్టగొడుగుల కూర, చేప పులుసులాంటిదేదో ఉన్నాయి. సరిగ్గా ఇద్దరు అతిథులకి సరిపడా కుర్చీలు అదనంగా వేసి ఉన్నాయి. వీళ్ళు రోజూ ఇలాగే తింటారు కాబోలనుకున్నాడు యేసుదాసు.

"వందనాలు మావయ్యగారూ," అన్నాడు బిన్, మాటల్ని ఒక్కొక్కటే పేర్చుకుంటూ. మనిషి పొడుగు, మొహం అమాయకం. తల్లిదండ్రులు తలలూపి నవ్వారు. బల్ల చివర నాయనమ్మ కూర్చుని ఉంది. పిడికెడంత మనిషి, కళ్ళు మాత్రం చాలా చురుకు.

భోజనం ముందు యేసుదాసు ప్రార్థన చేశాడు. మధ్యలో, అలవాటు చొప్పున, ఒక కన్ను తెరిచి చూశాడు. బిన్ కళ్ళు బిగించి మూసుకున్నాడు. తల్లీ తండ్రీ కూడా అంతే. నాయనమ్మ ఒక్కతే ఒక కన్ను తెరిచి సూటిగా ఈయన్నే చూస్తోంది. యేసుదాసు గబుక్కున కన్ను మూసుకుని ఆమేన్ అనేశాడు.

తిన్నాక లడ్డూలు పంచి, గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయన చలికాలంలో మందు పుచ్చుకుంటారని విన్నాను. మాకది పనికిరాదు. దాచకుండా చెప్పు వాళ్ళకి," అన్నాడు క్రిస్టినాతో.

క్రిస్టినా తల వంచుకుని చెప్పింది. పెద్ద సోంగ్ మొహం వేలాడేశాడు, కాస్త తొందరగానే వేలాడేశాడు. లేచి, అలమారలోంచి ఒక సారా సీసా తీసి రెండు చేతులతో యేసుదాసు ముందు పెట్టి, ఇకమీదట చుక్క ముట్టనని మాటిచ్చాడు. ఆ సీసా సీలైనా తీయలేదన్న సంగతి, వాకబులో ఆరితేరిన యేసుదాసు కంటికి ఆనలేదు.

ఆయన ఉబ్బిపోయాడు. ఇన్నేళ్ళలో వంక చూపిస్తే పోట్లాడినవాళ్ళే గానీ దిద్దుకున్నవాళ్ళు లేరు. బల్ల చుట్టూ అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు, క్రిస్టినా తప్ప. ఆ పిల్ల ఖాళీ కంచంలోకి చూస్తూ చెంచాతో ఏదో గీస్తోంది. ఇప్పుడు కాదంటే ఇక జన్మలో ఆ పిల్ల ఎవరి కోసమూ తనని అడగదు. దూరమన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "పర్లేదు," అన్నాడు.

క్రిస్టినా ఏడ్చింది, నవ్వింది, ఆ తర్వాత గుర్తొచ్చి అనువదించింది. నాయనమ్మ లేచొచ్చి యేసుదాసు చేతిలో ఒక పైన్ గింజల సంచీ పెట్టి, బుజం తట్టింది.

బందరు తిరిగొచ్చిన యేసుదాసుని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. చైనా మనిషి చేత ఒక్క మాటతో తాగుడు మాన్పించిన కథ వీధి వీధికీ పాకింది. చెప్పినప్పుడల్లా సీసా కొంచెం పెద్దదయ్యేది. పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి సిద్ధం చేసుకున్నాడు కూడా.

శనివారం పొద్దున చేపల కోసం వీధి చివరికి వెళ్ళాడు. అక్కడ వెంకాయమ్మ గిలకలదిండి రేవు నుంచి తెచ్చిన తట్ట ముందు పెట్టుకుని ఎన్నో ఏళ్ళుగా కూర్చుంటోంది. ఆమెదీ ఈయన సంఘమే. రోజూ అయితే యేసుదాసు మొప్ప ఎత్తి, కన్ను నొక్కి, ముక్కు చిట్లించి గానీ చేప ముట్టడు. ఇవాళ మనసు విశాలంగా ఉంది. పైనున్న చందువ తీసి చూడకుండానే సంచీలో వేసుకున్నాడు.

"అయ్యో, అది కాదండీ అన్నయ్యగారూ!" అంది వెంకాయమ్మ, చెయ్యి పట్టుకున్నంత పని చేస్తూ. "అది పాడైంది!"

"పాడైంది పైన పెట్టావా?"

"మీ కోసమే పెట్టానండీ. మీరు దాని మొప్ప ఎత్తి, బాలేదని నాలుగు మాటలని, కిందున్న మంచిది పట్టుకెళ్తారు. పైన పాడైంది లేకపోతే మంచి చేపకే వంకలు పెట్టి వట్టి చేతులతో వెళ్ళిపోతారు. మీకు చేప అమ్మాలంటే ఇదొక్కటే దారి."

యేసుదాసు చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది. యీచున్ సారా సీసా గుర్తొచ్చింది. "ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"ఆ చైనా పెద్దావిడతో అన్నాను. పోయిన క్రిస్మస్‌కి క్రిస్టినా వచ్చినప్పుడు ఫోన్‌లో చూపించి, మా మాటలు అటూ ఇటూ చెప్పింది. ఇంట్లోవాళ్ళని కాదు, వాళ్ళకి చేపలమ్మే మనిషిని చూపించమందంట. ఎంత తెలివైన మనిషండీ! మీరు ముందు రోజే వస్తారని చెప్పాను. చెప్పుల సంగతి, కళ్ళు మూసుకునే సంగతి, అన్నీ చెప్పాను. సెలూన్‌కి వెళ్తారని కూడా. చివర్లో, పైన పాడైంది ఒకటి పెట్టమన్నాను."

"మరి ఆయన తాగడా?"

"వాసన కూడా పడదంటండీ."

యేసుదాసు తట్ట పక్కన అరుగు మీద కూలబడ్డాడు. కోపం వచ్చింది, సిగ్గేసింది, ఆ రెండింటిలో ఏది ముందో తేలలేదు. "నా గురించి మంచి మాట ఒక్కటీ చెప్పలేదా వెంకాయమ్మా?" అన్నాడు, నెమ్మదిగా.

"ఎందుకు చెప్పలేదండీ! ఎన్ని వంకలు పెట్టినా, ఇంటికి తీసుకెళ్ళినదాన్ని ఒక్కనాడూ వెనక్కి తెచ్చిన మనిషి కాదన్నాను. ఆ మాటకే కదా ఆవిడ ఊ అన్నది."

ఆదివారం చర్చి నిండిపోయింది. సారా సీసా కథ వినాలని పక్క సంఘంవాళ్ళు కూడా వచ్చారు. ఆడవాళ్ళ వరసలో శాంతి ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది. అందులో క్రిస్టినా, ఆమె బుజం మీంచి తొంగిచూస్తూ నాయనమ్మ. యేసుదాసు లేచి నిలబడ్డాడు. అద్దం ముందు కూర్చుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"సంబంధం బాగుందండి," అన్నాడు.

అందరూ మిగతాది వినడానికి ముందుకి వంగారు. పాస్టరుగారు ఆశ్చర్యపడి, సరదాగా, "ఏ వంకా దొరకలేదా యేసుదాసుగారూ?" అన్నారు.

"ఒకటుందండి," అన్నాడు యేసుదాసు. శాంతి చేతిలోని ఫోన్ వైపు చూశాడు. "దూరం."

అంతే, కూర్చున్నాడు. ఆ వంక ఎవరూ పైన పెట్టింది కాదని వెంకాయమ్మకి తెలుసు. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది.