తలుపు తీసేసిన విమానం

“పూలమ్ముకునే ఇంట్లో పుట్టి, శుక్రవారం పూట ఒట్టి జడతో పోతానంటావే,” అని పంకజాక్షి మూడోసారి అంది.

“వద్దు మా. జడే మడిచి లోపలికి కట్టేసినా. పిన్ను కూడా పెట్టుకోకూడదు,” హేమశ్రీ కాఫీ గ్లాసులోంచి తలెత్తలేదు.

“పిన్నుకేమొచ్చింది?”

“రూలు మా.”

“జానెడు మల్లెలకి రూలేంది? ఫొటోగ్రాఫరమ్మకి పూలు నామోషీ అని చెప్పు, సరిపోతాది.”

గడప దగ్గర కూర్చుని దండ మూరేస్తున్న అత్త మునెమ్మ నవ్వింది. “ఇడ్సిపెట్టు పంకజా. పెళ్లయిన కొత్తల్లో నేను పెట్టిన పూలు నువ్వు బస్టాండులో తీసేస్తా ఉన్నింది నాకు తెలీదనుకున్నావా?”

పంకజాక్షి లోపలికి వెళ్లింది.

తిరుచానూరు గుడి వీధిలో వాళ్లది పూల అంగడి. కూతురు హేమశ్రీ పెళ్లిళ్లలో ఫొటోలు తీస్తూ తీస్తూ ఆర్నెల్ల కిందట బెంగళూరు కంపెనీ ఒకదాంట్లో చేరింది. ఆ కంపెనీ పనే ఆకాశంలో. ఎగురుతున్న పెద్ద విమానాలను పక్కన ఇంకో విమానంలో పోతూ ఫొటోలు, వీడియోలు తీస్తారు. ఇన్నాళ్లూ నేల మీదే సాయం చేసిన పిల్లకు ఈరోజు మొదటిసారి పైకి ఎక్కే అవకాశం వచ్చింది, అదీ ఇంటి పక్కనున్న రేణిగుంట నుంచి. కొత్త రంగులు వేసుకున్న ఒక ప్రయాణికుల విమానాన్ని తీయాలట.

ఈ ఒక్కసారికే అని పంకజాక్షి ఒప్పుకుంది. మరిది వెంకటముని తిరుపతిలో ఒక పెళ్లి ఫొటోల స్టూడియోలో ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. అవునో కాదో ఈ సాయంత్రానికి చెప్పాలి. అమ్మ ఎట్లా చెప్తే అట్లా అంది హేమశ్రీ, కానీ ఆ మాట అన్నప్పుడు గొంతులో ప్రాణం లేదు.

లోపల చిలక్కొయ్యకు కూతురి చలికోటు వేలాడుతోంది. పంకజాక్షి అమ్మవారి కుంకుమ చిటికెడు కాగితంలో పొట్లం కట్టి, కోటు లోపలి జేబులో పెట్టింది. పూలంటే కనబడతాయి. ఇది ఎవరికి కనబడుతుంది?

జయరామ్ కూతుర్ని స్కూటర్ మీద ఎక్కించుకుపోయి, విమానాశ్రయం గేటు దగ్గర దించి వచ్చాడు. వచ్చీరాగానే నీళ్లడిగి, తాగి, భార్య ఎదురుగా కూర్చున్నాడు.

“నీకు చెప్పొద్దనింది. దాచిపెట్టుకోవడం నాతో కాదు. ఆ చిన్న విమానానికి వెనక తలుపు తీసేసి ఉంటారంట.”

“తలుపు తీసేసి?”

“అద్దంలోంచి తీస్తే ఫొటో బాగా రాదంట. ఈ పిల్ల తలుపు కాడ కూర్చుంటాది. పట్టీలు కట్టేస్తారులే, పడిపోదు. ఫొటో తీసే పెద్ద విమానం వెనకాలే దగ్గరగా వస్తాదంట. ఇందులోంచి ఏది జారినా గాలికి కొట్టుకుపోయి దాని ఇంజన్లో పడొచ్చంట. పూలూ పిన్నులూ వద్దనింది అందుకే. పెన్ను మూత గూడా ఉండకూడదంట.”

పూలు కడుతున్న పంకజాక్షి చేతిలో నార ఆగిపోయింది.

“కోటు జేబులో కుంకుమ పొట్లం పెట్టినా,” అంది.

జయరామ్ గబుక్కున లేచాడు. ఫోన్ తీసి కూతురికి చేశాడు. స్విచాఫ్. మళ్లీ చేశాడు.

“లోపలికి పోయినాక ఫోన్లు తీసేసుకుంటామన్నారంట,” అన్నాడు.

“ఇంకెవురి నంబరూ లేదా?”

“యాడుండాది?”

అంగడి అత్తకు అప్పజెప్పి పంకజాక్షి మిద్దె ఎక్కింది. రోజూ ఆ వీధి మీదుగా విమానాలు దిగుతూనే ఉంటాయి. ఆమె ఏనాడూ తలెత్తి చూసింది లేదు. ఇప్పుడు ప్రతి శబ్దానికీ లేచి నిలబడింది. కొండ దిక్కు పోరు, సముద్రం దిక్కు పోతారు అని జయరామ్ చెప్పాడు. తూర్పున తెల్లటి ఎండ తప్ప ఏమీ లేదు. పెద్ద విమానంలో ప్రయాణికులుండరు, నడిపేవాళ్లే ఉంటారని కూడా చెప్పాడు. ఆ నడిపేవాళ్లకు ఇళ్లలో అమ్మలుండరా? తను కట్టిన పొట్లం మడత ఎంత గట్టిదో గుర్తు చేసుకోవాలని చూసింది. కాగితం పాత క్యాలెండరుది. అంతే గుర్తొచ్చింది.

ఎండ నెత్తికెక్కే వేళ కింద జయరామ్ ఫోన్ మోగింది. ఆయన మెట్లెక్కి వస్తూనే ఇచ్చాడు.

“మా, దిగేసినాం,” అంది హేమశ్రీ. గాలి హోరులో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. “ఎంత బాగుండిందో చెప్పలేను. రెక్క మీద ఎండ పడతానే…”

“పొట్లం,” అంది పంకజాక్షి.

“ఓ. అది కిందే కంపెనీ కార్లో ఉండాది. ఎక్కే ముందర అందురూ జేబులు బోర్లించి చూపించల్ల. చేతికి తగల్తానే నువ్వేనని తెలిసిపోయింది. నేనే తీసిచ్చినా.”

పంకజాక్షి పిట్టగోడకు ఆనుకుని మిద్దె మీదే కూర్చుంది. నేల కాలుతోందని కొంచెం సేపటికి గానీ తెలియలేదు.

“ఏమన్నా అన్నారా?”

“సేఫ్టీ చూసే ఆయన మొగం గంటు పెట్టుకున్నాడు. పోనియ్యడేమో అనుకున్నా. అడక్కముందే ఇచ్చినావు గాబట్టి ఎక్కు అన్నాడు. ఇంకోసారి కాళ్లకాడి నించీ తలదాకా తడిమి చూపించినాక ఎక్కించినారు.”

“తలుపు లేదని నాకెందుకు చెప్పలే?”

“చెప్పింటే పంపిస్తావా?”

“అన్నం తిన్నావా?” అని అడిగింది పంకజాక్షి.

పొద్దుగుంకేసరికి హేమశ్రీ ఇల్లు చేరింది. మొహం ఎండకూ గాలికీ కమిలిపోయి ఉంది. వెంకటముని కూడా జవాబు కోసం వచ్చాడు. పంకజాక్షి అందరికీ ఒకేసారి విస్తర్లు వేసి సంగటి పెట్టింది.

“ఇంతకీ పట్టీలు గట్టియ్యేనా?” అడిగింది మునెమ్మ.

“రెండుండాయి అవ్వా, ఒకటి తెగినా ఇంకోటి. అదిగాక ఒకాయన నా నడుముకాడి బెల్టు పట్టుకోనే కూర్చుంటాడు. నేను ఫొటో తీసినంతసేపూ ఆయన బయటికే చూడడు.”

“మరేం చేస్తాడు?”

“నన్ను సూసుకోవడమే ఆయన పని.”

పంకజాక్షి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పెళ్లి పనులకు పోయిన రోజుల్లో ఈ పిల్ల ముహూర్తం ముగిసేదాకా తిండి లేకుండా నిలబడి, నిద్రకళ్లతో ఒంటరిగా స్కూటీ మీద చిత్తూరు రోడ్డున వచ్చేది. పెళ్లివాళ్లెవరూ ఇల్లు చేరావా అని ఫోన్ చేసింది లేదు.

“సర్లే, అదయిపోయింది గదా,” అన్నాడు వెంకటముని పులుసు కలుపుకుంటూ. “స్టూడియో వాళ్లకి ఏం చెప్పమంటావు వదినా? సోమవారం నించీ రమ్మంటా ఉండారు.”

హేమశ్రీ విస్తరి వైపు వంగి ముద్దను చేతిలోనే పెట్టుకుంది. జయరామ్ భార్య వైపు చూశాడు.

పంకజాక్షి కూతురి విస్తరిలో ఇంకొంచెం పులుసు పోసి, గిన్నె పక్కన పెట్టింది.

“రాదని చెప్పు వెంకటమునీ,” అంది. “ఇది విమానాల పనికే పోతాది.”