ఖాళీ తూకం

సెప్టెంబరు వచ్చిందంటే మా ఊరు సెయింట్ హెడ్విగ్‌లో ఎవరికీ ఊపిరి సలపదు. తెల్లారేసరికి బంగాళాదుంపల లారీలు గోదాము ముందు బారులు తీరతాయి. నిండు బండి తూకం పలక మీదికి ఎక్కుతుంది, ఫ్లోరెన్స్ కిటికీలోంచి తల బయటపెట్టి అంకె రాసుకుంటుంది. బండి లోపలికి పోయి దుంపలు దింపేసి ఖాళీగా తిరిగొస్తుంది, మళ్ళీ తూకం. నిండు తూకంలోంచి ఖాళీ తూకం తీసేస్తే మిగిలింది సరుకు. నలభై ఒక్క ఏళ్ళుగా ఆవిడకిదే పని. ఏ డ్రైవరైనా రెండో తూకానికి ఆగకుండా ఇంటికి ఉడాయించబోతే ఆవిడ అరిచే అరుపు చర్చి దాకా వినిపిస్తుంది.

ఆ తూకం గది మూల ఇంకో కాటా ఉంది. మనిషి నిలబడేంత ఇనప పలక, ఎదురుగా గుండ్రటి ముఖం, దానికి ఒకటే ముల్లు. దాని మీద దుంపలు తూచరు. ఏదైనా పని అవుతుందా అవదా అని తేల్చుకోవాలనుకున్నవాళ్ళు ఎక్కి, ఆ పనేమిటో పైకి చెబితే, నూటికి ఎంత అవకాశమో ముల్లు చూపిస్తుంది. జింకల వేటకి పోయేవాళ్ళు తుపాకీతో ఎక్కుతారు. పెళ్ళికి అడగబోయేవాడు ఉంగరంతో ఎక్కుతాడు. మోకాలి ఆపరేషనుకి వెళ్ళే ముసలాళ్ళు ఎక్స్‌రేలు చంకలో పెట్టుకుని ఎక్కుతారు. ఉన్నదంతా చేతబట్టుకుని ఎక్కడం మా ఊరి పద్ధతి, వట్టి చేతులతో ఎక్కితే అపశకునం. ముల్లు సున్నా దగ్గర ఆగితే ఫ్లోరెన్స్ మారుమాట లేకుండా ఓ కప్పు కాఫీ పోసిస్తుంది. ఆ కాఫీ తాగినవాడు నవ్వుతూ బయటికి వెళ్ళడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఫ్లోరెన్స్ మనవరాలు రెనాటా క్లుక్ ఆ ఏడు హైస్కూలు ఆఖరి సంవత్సరం. రాజధానిలో ఉన్న పెద్ద యూనివర్సిటీలో నేలా నీళ్ళూ చదవాలని ఆ పిల్ల కోరిక. మాది ఇసక నేల. పొలంలో చల్లిన ఎరువు వానకి కిందికి దిగి బావుల్లో తేలుతుంది. పద్నాలుగో ఏట నుంచి రెనాటా రంగు మారే కాగితప్పుల్లలు పట్టుకుని సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, బావినీళ్ళలో నైట్రేట్ ఎంతుందో చూసి, వెనక జేబులో పెట్టుకునే చిన్న నోటుబుక్కులో రాసుకునేది. ఎవరికీ చూపించేది కాదు. చూపిస్తే ఏమవుతుందో దానికి తెలుసు. వాళ్ళమ్మ జోన్ లారీ తోలేది ఆ పొలాలవాళ్ళకే.

అప్లికేషను రెండు విడతలు. నవంబరు ఒకటో తారీకు లోపు పంపితే జనవరి ఆఖరుకి జవాబొస్తుంది. తర్వాత పంపితే మార్చి నెలాఖరు దాకా ఎదురుచూపులే. రెనాటాకి మార్చి దాకా ఆగే వీల్లేదు. దుంపల వేపుళ్ళు చేసే ప్లాంటులో ల్యాబు ఉద్యోగం జోన్ కాళ్ళావేళ్ళా పడి ఖాయం చేయించింది. చేరుతుందో లేదో జనవరి ముప్ఫై ఒకటి సాయంత్రం నాలుగింటికల్లా చెప్పాలి. వద్దంటే ఆ చోటు ఇంకొకళ్ళకి.

"యూనివర్సిటీ ఎక్కడికీ పారిపోదు. ఆ ఉద్యోగం పారిపోతుంది," అనేది జోన్.

"నేనే పారిపోతానేమోనని కదే నీ భయం!"

"నీ నోటికి కూడా ఓ కాటా ఉంటే బావుణ్ణు!"

ఇలాగే ఉండేది తల్లీకూతుళ్ళ సరసం. తండ్రి మిల్వాకీ పట్నంలో వేరే కాపురం పెట్టుకుని ఎనిమిదేళ్ళయింది కాబట్టి మధ్యలో పడి ఆపేవాళ్ళు లేరు.

సెప్టెంబరులో మార్కుల కాగితాలు పల్చటి ఫైల్లో పెట్టుకుని రెనాటా మొదటిసారి కాటా ఎక్కింది. "యూనివర్సిటీలో సీటు," అంది. ముల్లు యాభై రెండు దగ్గర ఆగింది.

"సగం పైనే. శుభ్రంగా ఉంది," అంది ఫ్లోరెన్స్.

"శుభ్రమా? బొమ్మా బొరుసా వేసుకున్నట్టుంది బూషా!" మా పోలిష్ ఇళ్ళలో అమ్మమ్మయినా నానమ్మయినా బూషాయే.

అక్కణ్ణుంచి మొదలైంది అసలు గోల. బళ్ళో సలహాలిచ్చే మిసెస్ హింజ్ చేతికింద మూడొందల ముప్ఫై మంది పిల్లలు. పాపం ఆవిడకి అందరి మొహాలూ ఒకటే. "నాయకత్వం కనిపించాలమ్మా రెబెకా," అంది.

"రెనాటా అండి."

"అదే. ఏదైనా క్లబ్బుకి సెక్రటరీవి అవ్వు."

రెనాటా పోల్కా డాన్సుల క్లబ్బుకి సెక్రటరీ అయింది. దానికి డాన్సు రాదు. క్లబ్బులో ఉన్నది మొత్తం ఆరుగురు. ఫైలు కాస్త బరువెక్కింది. కాటా మీద నలభై ఏడు.

ఇంటర్నెట్లో 'నా ఛాన్సెంత' అని అడిగితే ముక్కూ మొహం తెలియనివాళ్ళు జాతకం చెప్పే చోటొకటుంది. అక్కడ తన మార్కులు పెట్టింది. ఒకడు "ఖాయం" అన్నాడు, ఇంకొకడు "కలలో" అన్నాడు, మూడోవాడు తన మార్కులు గొప్పగా చెప్పుకుని చక్కా పోయాడు. సేవ చెయ్యమన్నారు, చేసింది. అవార్డులు పెట్టమన్నారు, ఐదో తరగతి స్పెల్లింగు పోటీ సర్టిఫికెట్టుతో సహా పెట్టింది. చర్చిలో శుక్రవారం చేపల విందుకి పళ్ళాలు అందించడాన్ని 'ఆహార సేవల సమన్వయం' అని రాసింది. నన్నడిగితే ఆ మాట రాసిన పెన్నుకే సిగ్గేసి ఉండాలి. నలభై ఒకటి.

"ఎంత పెడితే అంత దిగుతుందేమిటే ఇది! పాడైపోయిందా?" అని కాటాని తన్నింది.

"కాటాని తన్నకు. నా ఉద్యోగం పోతుంది," అంది ఫ్లోరెన్స్.

అక్టోబరు ముప్ఫై ఒకటి. మధ్యాహ్నం మూడయింది. హాలోవీన్ పండక్కి దయ్యాల వేషాలేసుకున్న చిన్నపిల్లలు అప్పుడే మిఠాయిల కోసం బకెట్లు పట్టుకుని రోడ్డెక్కారు. రెనాటా ఉబ్బిపోయిన ఫైలు రెండు చేతులా మోసుకుంటూ తూకం గదిలోకొచ్చింది. 'నాయకత్వం నాకేం నేర్పింది' అన్న ఆరువందల మాటల వ్యాసాన్ని అప్పటికి పదకొండు సార్లు తిరగరాసింది. రేపటితో గడువు సరి. కాటా ఎక్కింది. ముల్లు ముప్ఫై ఆరు.

అదే సమయానికి జోన్ లారీ కాగితం మీద సంతకం కోసం లోపలికొచ్చింది. అంకె చూసింది. చూసి ఊరుకుంటే తల్లెందుకవుతుంది?

"ఏం, చెప్పానా? వేలమందిలో నువ్వెవరివో వాళ్ళకేం తెలుస్తుంది? ప్లాంటుకి సరేనని చెప్పెయ్. నీకూ నాకూ ఈ దేవులాట తప్పుతుంది."

రెనాటా మొహం ఎర్రగా కందిపోయింది. రెండు నెలల ఉక్రోషం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "చెప్పినవన్నీ చేశానే! వెధవ పోల్కా కూడా నేర్చుకున్నానే! ఇంకేం తగలెయ్యను ఇందులో?" అని అరిచి ఫైలు తీసి నేలకేసి కొట్టింది. కాగితాలు గదంతా చెదిరాయి. పలక మీద నిలబడే భోరుమంది.

గర్రుమని ముల్లు తిరిగిన చప్పుడైంది. ఎనభై ఒకటి.

ముగ్గురూ అటే చూశారు. మా ఊళ్ళో వట్టి చేతులతో కాటా మీద నిలబడ్డ మొదటి మనిషి ఆ పిల్లే.

"ఏసు మరియమ్మా," అంది ఫ్లోరెన్స్ నెమ్మదిగా. "నలభై ఒక్క ఏళ్ళుగా లారీలన్నిటికీ ఖాళీ తూకం తీశాను. మనుషులకి తియ్యాలని ఒక్కనాడు తోచలేదు నా బుర్రకి." పెన్సిలు తీసి లారీకి వేసినట్టే చీటీ మీద లెక్కేసింది. "నిండుగా ముప్ఫై ఆరు, ఖాళీగా ఎనభై ఒకటి. ఈ ఫైలు నిన్ను నలభై ఐదు అంకెలు కిందికి గుంజుతోందే పిల్లా!"

"అయితే ఏమీ లేకుండా ఏం పంపను? వట్టి కవరా?" ముక్కు చీదుకుంటూ అంది రెనాటా.

"ఇంకా ఖాళీ అవలేదు నువ్వు. జేబులు దులుపు."

తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. ముల్లు కదల్లేదు. ఫోను తీసింది. కదల్లేదు. వెనక జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసిందో లేదో ముల్లు జర్రున జారి ఇరవై దగ్గర పడింది. మళ్ళీ పెట్టుకుంది. ఎనభై ఒకటి.

"ఏమిటది?" అంది జోన్.

రెనాటా ఇవ్వలేదు. జోన్ లాక్కుంది. పేజీలు తిప్పుతుంటే ఆవిడ మొహం పాలిపోయింది. నూట పన్నెండు బావులు, తేదీలు, అంకెలు, పక్కన పొలాల పేర్లు. "నీకు మతి పోయిందా? వీళ్ళ దుంపలు మోసే కదే మనం తింటున్నది! ఇది బయటికొస్తే రేపు నాకు స్టీరింగు ఎవడిస్తాడు?"

"అందుకే కదా ఎవరికీ చూపించంది! మూడేళ్ళుగా నోరు మూసుకునే ఉన్నాగా!"

ఫ్లోరెన్స్ చెయ్యి చాపి నోటుబుక్కు అందుకుంది. కళ్ళజోడు సర్దుకుని వేలితో వరస దిగుతూ ఒక చోట ఆగింది. "ఇది మా ఇల్లు కదూ. పంతొమ్మిది అంటే ఏమిటి?"

రెనాటా తల దించుకుంది. "పది దాటితే తాగకూడదు బూషా."

"అందుకా నువ్వు ఎప్పుడొచ్చినా నాకు సీసా నీళ్ళు మోసుకొచ్చేది? నేనింకా చాదస్తం అనుకున్నాను." ఫ్లోరెన్స్ కళ్ళజోడు తీసేసింది. "చెప్పొచ్చు కదే."

బయట లారీ ఒకటి హారన్ కొడుతూనే ఉంది. ఫ్లోరెన్స్ నోటుబుక్కు తిరిగి మనవరాలి చేతిలో పెట్టి అంది, "వ్యాసం దీని మీద రాయి, పొలాల పేర్లు తీసెయ్. నా పేరు రాసుకో. నా బావి, నా నీళ్ళు. నన్నీ కుర్చీలోంచి ఎవడు లేపుతాడో చూస్తాను."

జోన్ తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. రెనాటా అక్కడే బల్ల మీద, లారీ చీటీల వెనకవైపు, అమ్మమ్మ బావి గురించి రాసింది. ఆరువందల మాటలు గంటన్నరలో అయిపోయాయి. పోల్కా తీసేసింది, పళ్ళాలు తీసేసింది, స్పెల్లింగు సర్టిఫికెట్టు చెత్తబుట్టలోకి పోయింది. గోదాము కంప్యూటర్లోంచే అప్లికేషను పంపేసింది.

పంపాక మనసు కుదుటపడుతుందనుకుంటాం. ఏమీ పడదు. నవంబరంతా యూనివర్సిటీ వాళ్ళ పేజీ 'అందింది' అనే చెప్పింది. డిసెంబరంతా 'పరిశీలనలో' అంది. ఎనభై ఒకటి మంచి అంకే, కానీ రెనాటా మిగతా పంతొమ్మిది తలుచుకుని గోళ్ళు కొరుక్కుంది. పంతొమ్మిదంటే బూషా బావిలో అంకె కూడా, అది ఇంకో చిరాకు. జోన్ ఇంట్లో ఉప్పు అందివ్వమని తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. వంటింట్లో కుళాయి విప్పినప్పుడు మాత్రం గ్లాసు వైపు ఓ క్షణం చూసేది.

జనవరి ముప్ఫై ఒకటిన మంచు మోకాలి లోతు పడింది. జవాబులు ఆ సాయంత్రం అయిదింటికి పెడతామన్నారు యూనివర్సిటీ వాళ్ళు. ప్లాంటు గడువు నాలుగు. గంట తేడా! ఎవడో పనిగట్టుకుని పెట్టినట్టుంది. మూడింబావుకి తూకం గదిలో ముగ్గురూ మళ్ళీ పోగయ్యారు.

"ఫోను చేసి సరే అను. అక్కడ సీటొస్తే తర్వాత మానేద్దువు గానీ," అంది జోన్.

"సంతకం పెట్టించుకుంటారమ్మా. నాకోసం నువ్వు మాటిచ్చావు కదా, చేరి మానేస్తే నీ పరువేంగాను?"

రెనాటా కాటా ఎక్కి "యూనివర్సిటీలో సీటు," అంది. ఎనభై ఒకటే. అప్పుడూ ఎనభై ఒకటే, ఇప్పుడూ ఎనభై ఒకటే. "దీని మొహం మండ! అక్కడ ఎప్పుడో తేల్చేసి ఉంటారు, దీనికింకా తేలలేదు!"

"నువ్వు పంపింది తూస్తోందది. వాళ్ళ బుర్రలు కాదు," అంది ఫ్లోరెన్స్. "రెండో తూకం వెయ్యి. ఎప్పుడూ సగమే తూచుకుంటావేం?"

రెనాటా ఉద్యోగమిస్తామన్న ప్లాంటు వాళ్ళ ఉత్తరం జోన్ కోటు జేబులోంచి లాక్కుంది. దాన్ని గుండెకి అదిమి పట్టుకుని, "నేను ప్లాంటులో పని చెయ్యడం," అంది.

ముల్లు వణికింది. ఎడమకి జారింది. నలభై, పదిహేను, మూడు. సున్నా దగ్గర ఆగింది. రెనాటా పలక మీద కాళ్ళు మార్చుకుంది, ఎగిరి దూకింది. ఇనప పలక మోగింది కానీ ముల్లు మాత్రం మేకు కొట్టినట్టు అక్కడే ఉంది.

ఫ్లోరెన్స్ అలవాటు ప్రకారం లేచి కాఫీ పోసి చేతికిచ్చింది. రెనాటా వెక్కుతూ, నవ్వుతూ, కాఫీ సగం కోటు మీద ఒలకబోసుకుంటూ తాగింది. మూడు నలభైకి ప్లాంటుకి ఫోను చేసింది. "నేను రావడం లేదండి. ఆ చోటు ఇంకెవరికైనా ఇవ్వండి." జోన్ ఆపలేదు. లేచి లారీ తాళాలు తీసుకుని బయటికి వెళ్ళింది.

"కోపమొచ్చింది," అంది రెనాటా.

"వచ్చే ఉంటుంది," అంది ఫ్లోరెన్స్.

అయిదింటికి పేజీ తెరుచుకోలేదు. రాష్ట్రంలో ఉన్న పిల్లలందరూ ఒకేసారి దాని మీద పడ్డారు. అయిదుంబావు. అయిదున్నర. రెనాటా ఆ గుండ్రంగా తిరిగే చక్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. అయిదు నలభైకి పేజీ తెరుచుకుంది. పైన ఒకటే మాట, 'అభినందనలు'. కింద ఏదేదో ఉంది గానీ కళ్ళు నీళ్ళతో నిండిపోయి చదవలేకపోయింది. ఫ్లోరెన్స్ మనవరాలి భుజం మీదుగా వంగి మొత్తం పైకి చదివింది, చివరి చిరునామాతో సహా.

అప్పుడు తలుపు తెరుచుకుంది. జోన్. బూట్లకి మంచు, చేతుల్లో చెక్కపెట్టె, దాన్నిండా మూతలు బిగించిన గాజు సీసాలు. ఒక్కోదానికీ అంటించిన కాగితం మీద తను దుంపలు మోసే పొలాల పేర్లు, తన వంకర అక్షరాలతోనే.

"ఆ పొలాలవాళ్ళ కుళాయిల నీళ్ళే. అడిగాను, ఇచ్చారు," అంది జోన్, ఎవరి వైపూ చూడకుండా. "వాళ్ళకీ చిన్నపిల్లలున్నారుగా." పెట్టె బల్ల మీద పెట్టి, వేళ్ళు ఊదుకుంటూ నిలబడింది. "ఆగస్టు దాకా ఇక్కడే కదా ఏడుస్తావు. చూసిపెట్టు."