ఆఖరి విడత

ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా హిమబిందు మొదటిసారి సైబర్ క్రైం పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది. తన కోసం కాదు, ధనశ్రీ కోసం. ఎవరో ధనశ్రీ ముఖాన్ని వేరే ఒంటికి అతికించి ఆ ఫొటోను కాలేజీ గ్రూపుల్లో పెట్టారు. ఇంట్లో చెప్పే ధైర్యం లేక ధనశ్రీ రెండు రోజులు అన్నం మానేస్తే హిమబిందే ఆమెను బస్సెక్కించి తీసుకెళ్ళింది.

అక్కడ పుష్ప అనే కానిస్టేబుల్ ఉంది. ఆమె ఫొటో చూసి ముఖం చిట్లించలేదు, ఎందుకు దిగావని అడగలేదు. ఫొటో ఏ ఖాతా నుంచి వచ్చింది, ఆ ఖాతా ఏ ఫోన్‌లో తెరిచారు అని ఒక్కో అడుగూ వెనక్కి వెళ్ళింది. వారం తిరక్కుండానే మనిషి దొరికాడు. ధనశ్రీ వాళ్ళ వీధిలోనే ఉండేవాడు. అయినా ధనశ్రీని కాలేజీ మాన్పించి పలాసలో మేనత్త ఇంటికి పంపేశారు. హిమబిందు మాత్రం పుష్ప చేసే పనే తానూ చెయ్యాలని అప్పుడే అనుకుంది.

హిమబిందు వాళ్ళ ఇల్లు ఉక్కునగరం గేటు దాటాక, కూర్మన్నపాలెంలో ఒక మేడ వెనక వాటా. తండ్రి సింహాద్రి ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. తల్లి గౌరీశ్వరి విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చినామె. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అక్క సత్యశ్రీకి పెళ్ళయి అనకాపల్లిలో ఉంటోంది. ఆమెకు ఇంకా పాలు తాగే కూతురు.

ఎంసెట్ ర్యాంకు వచ్చాక హిమబిందు పుష్పకు ఫోన్ చేసి ఏ డిగ్రీలో చేరాలని అడిగింది.

"సైబర్ సెక్యూరిటీ అని బోర్డెట్టిన కాలేజీలన్నీ ఒకటి కావమ్మా," అంది పుష్ప. "పేరు సూసి పోకు. నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు సరిగ్గా చెప్పేవాళ్ళున్నారా, ల్యాబు పనిచేత్తందా అన్నది సూడు. మంచి కాలేజీలో మామూలు కంప్యూటర్ సైన్స్ దొరికినా అదే నయం. బీఎస్సీ చేసీ రావచ్చు, నాను అలాగే వచ్చాను. కాని కంపెనీల్లో ముందు బీటెక్‌లనే పిలుస్తారు. నీకు ర్యాంకుంది కదా, వదులుకోవద్దు."

హిమబిందు తండ్రిని వెంటబెట్టుకుని మధురవాడ వైపు కాలేజీలు చూసొచ్చింది. ఒకచోట ల్యాబులో సెలవుల్లో కూడా పిల్లలు పనిచేస్తున్నారు. అక్కడి లెక్చరర్ ఆమె అడిగినవన్నీ ఓపిగ్గా విని, నిరుటి ర్యాంకులు చూసి, సీటు వస్తుందనే అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సింహాద్రి ఆ కాలేజీ పేరు రెండుసార్లు పలికి చూసుకున్నాడు.

ఆదాయం సర్టిఫికెట్ ఆలస్యంగా రావడంతో మొదటి విడత కౌన్సెలింగ్ తప్పిపోయింది. రెండో విడతే ఆఖరిది. అందులో సీటు రాకపోతే ఫీజు ప్రభుత్వం కట్టదు, కాబట్టి ఆ ఏడాదికి బీటెక్ లేనట్టే.

సత్యశ్రీ భర్త సాయిశంకర్ అనకాపల్లి అవతల ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పీఆర్వో. అంటే ఊళ్ళు తిరిగి పిల్లల్ని ఆ కాలేజీలో చేర్పించడం అతని పని. ఒక ఆదివారం భార్యాబిడ్డలతో వచ్చాడు. గౌరీశ్వరి పీతల కూర వండింది. తింటూ తింటూ అతను మాటెత్తాడు.

"మా కాలేజీలో కూడా సైబర్ సెక్యూరిటీ వచ్చింది హిమా. ఇంటి మనిషిని నానుండగా మధురవాడ దాకా ఎందుకు?"

"నానొచ్చి సూసాను కదా బావా. ల్యాబుకి తాళముంది. కిటికీలోంచి సూత్తే తెరలకి ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు."

"కొత్తవి కదా, తీత్తారు."

"చెప్పేవాళ్ళెవరు?"

సాయిశంకర్ నవ్వి మావగారి వైపు చూశాడు. సింహాద్రి కంచంలోంచి తలెత్తకుండా, "దానికి తెలిసినట్టు నాకు తెల్దు. దాని ఇష్టం," అన్నాడు. మాట అక్కడితో ఆగింది. వెళ్ళేటప్పుడు సాయిశంకర్ మరదలి తల మీద చెయ్యి వేసి, బాగా చదువుకోమన్నాడు.

కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కోరుకున్న కాలేజీల ఆప్షన్లు పెట్టే రోజున హిమబిందు మధురవాడ కాలేజీని మొదట పెట్టి, నగరంలోని తక్కిన మంచి కాలేజీలను కింద వరుసగా పెట్టింది. నమోదు చేసిన ఫోన్ నంబరు తల్లిది. అందుకని పని పూర్తయ్యాక తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"ఈ ఫోన్‌కి నంబరొకటొత్తాది. ఎవరడిగినా సెప్పకు. బ్యాంకన్నా, పోలీసన్నా సెప్పకు."

"ఎన్నిసార్లు సెప్తావే," అంది గౌరీశ్వరి.

మార్పులు చేసుకోవడానికి గడువు ముగిసే రోజున హిమబిందు ఇంట్లో లేదు. శుక్లం ఆపరేషన్ అయిన తండ్రిని సీతమ్మధారలో కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది.

సీట్ల కేటాయింపు వచ్చిన రోజు తండ్రీ కూతుళ్ళు ఫోన్ మీదకు వంగి చూశారు. సీటు వచ్చింది. సైబర్ సెక్యూరిటీయే. కాలేజీ మాత్రం సాయిశంకర్ పనిచేసేది. ఆ కాలేజీని ఆమె పెట్టనే లేదు. లోపలికి వెళ్ళి చూద్దామంటే పాస్‌వర్డ్ పనిచెయ్యలేదు. కొత్తది పెట్టుకుని తెరిచింది. ఆమె ఆప్షన్లు ఒక్కటీ మిగల్లేదు. ఆ ఒక్క కాలేజీ పేరే ఉంది.

హిమబిందు వంటింట్లోకి వెళ్ళింది. తల్లి చేటలో బియ్యం ఏరుతోంది.

"అమ్మా, మేం కంటాసుపత్రికెళ్ళిన రోజు నీ ఫోన్‌కి నంబరేదైనా వచ్చిందా?"

"వచ్చింది. సాయి ఫోన్ సేసి అడిగాడు, సెప్పాను. ఫీజు కాయితాలకి కావాలన్నాడు."

"ఎవరడిగినా సెప్పొద్దన్నాను కదమ్మా."

"ఎవరడిగినా అంటే బయటోలనుకున్నాను." గౌరీశ్వరి చేట కింద పెట్టింది. "అల్లుడు బయటోడేటి?"

హిమబిందుకు కోపం రాలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కాసేపటికి తల్లికి విషయం అర్థమైంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

సాయిశంకర్ మర్నాడే వచ్చాడు, స్వీట్లు పట్టుకుని. వెనక సత్యశ్రీ, ఆమె భుజం మీద పాప. హిమబిందు అడిగితే అతను దాచలేదు.

"నువ్వు కోరిన కోర్సే కదా ఇప్పించాను. కాలేజీ ఏదైతే ఏటి, సర్టిఫికెట్‌లో అదే రాత్తారు."

"ఆ కాలేజీ వద్దని నీ మొకం మీదే సెప్పాను బావా."

"సెప్పావు." అతను స్వీట్ల పెట్టె కింద పెట్టి, గొంతు తగ్గించాడు. "ఈసారి సీట్లు నిండకపోతే నన్ను తీసేత్తామన్నారు. ఇంట్లో పిల్లని పెట్టుకుని పక్కింటోళ్ళ పిల్లల్ని ఏటి అడుగుతావన్నాడు మా డైరెక్టరు. నన్నేటి సెయ్యమంటావు?"

సింహాద్రి నల్లకళ్ళద్దాలతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అద్దాల వెనక అతను ఎటు చూస్తున్నాడో తెలియలేదు. "నువ్వెళ్ళు సాయీ," అన్నాడు.

హిమబిందు ఆ కాలేజీలో చేరలేదు. ఒక్కతే బస్సెక్కి పుష్ప దగ్గరకు వెళ్ళింది.

పుష్ప అంతా విని, కౌన్సెలింగ్ అధికారులతో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడింది. ఆఖరి విడత అయిపోయింది, కేటాయించిన సీట్లు కదపడానికి లేదన్నారు.

"సీటు రాదు. కేసు మాత్రం పెట్టొచ్చు," అంది పుష్ప. "పాస్‌వర్డ్ మార్చడానికి హాల్‌టికెట్ నంబరు, పుట్టినతేదీ కూడా కావాలి. అవి అతనికి ఎక్కడివి?"

హిమబిందుకు గుర్తొచ్చింది. పరీక్ష రోజు పొద్దున్న హాల్‌టికెట్ ఫొటో తీసి, దేవుడి దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకోమని అక్కకు పంపింది. ఇంకెవరికీ పంపలేదు.

"రేపొచ్చి సెప్తానండి," అని లేచింది.

అక్కణ్ణించే అనకాపల్లి బస్సెక్కింది. సాయిశంకర్ ఇంట్లో లేడు. సత్యశ్రీ పాపకు స్నానం చేయించి పొడి వేస్తోంది. చెల్లెల్ని చూడగానే ఎందుకొచ్చిందో ఆమెకు తెలిసిపోయింది.

"అడిగాడు, పంపాను," అంది.

"ఎందుకో తెలుసా నీకు?"

"తెలుసు."

పాప కాళ్ళు ఆడిస్తోంది. సత్యశ్రీ దానికి గౌను తొడిగి బొత్తాలు పెట్టింది.

"నువ్వు ఎక్కడేసినా సదువుకుంటావే. నాను పదితో ఆపేశాను. ఆయన పని పోతే అత్తింటోలు నన్నెంత మాటలంటారో నీకు తెల్దు. ఇక్కడ కాకపోతే నాకెక్కడుంది?" అంది. తరవాత నెమ్మదిగా అడిగింది. "నా పేరు రాయించీసావేటి?"

మర్నాడు పుష్ప ఎదుట హిమబిందు చెప్పిన వాంగ్మూలం ఇది: హాల్‌టికెట్ బావకు తనే పంపింది. ఆప్షన్లు మార్చమని తనే అంది. తరవాత మనసు మారి, ఇంట్లో గొడవై, కోపంలో స్టేషన్‌కు వచ్చింది. ఫిర్యాదు వద్దు.

పుష్ప రాయడం ఆపి ఆమె వైపు చూసింది.

"ఇది నిజం కాదు."

"రాసుకోండి మేడం."

"రాత్తాను. సంతకం నీదే కదా." రాసి, కాగితం ముందుకు జరిపింది. హిమబిందు సంతకం పెట్టింది. వెళ్ళొస్తానంటే పుష్ప తల మాత్రం ఊపింది.

హిమబిందు నగరంలో ఒక డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరింది. క్లాసులో ఆమె ర్యాంకు విన్నవాళ్ళు, మరి బీటెక్‌కు ఎందుకు వెళ్ళలేదని అడిగేవారు. సర్టిఫికెట్ ఆలస్యమైందని చెప్పేది. ఇంట్లో గౌరీశ్వరి ఫోన్ మోగితే తీయడం మానేసింది. సింహాద్రి డ్యూటీకి పోయి వస్తున్నాడు. సత్యశ్రీ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక మధ్యాహ్నం క్లాసు మధ్యలో పుష్ప ఫోన్ చేసింది. హిమబిందు వరండాలోకి వచ్చింది.

"బుష్రా అనే పిల్ల వచ్చింది. వన్‌టౌన్. నాన్న కరీం బాషా, టైలరు. ఆ పిల్ల ఆప్షన్లు కూడా మార్చీసారు. అదే కాలేజీ, అదే మనిషి. ఫీజు పని సేసి పెడతానని వాళ్ళ నాన్న దగ్గర నంబరు సెప్పించుకున్నాడు."

హిమబిందు స్తంభానికి ఆనుకుంది.

"పిలిపించి అడిగాం. లాయరు సేత తీయించిన నీ వాంగ్మూలం కాపీ సూపించాడు. ఇలాగే ఇంట్లోవాళ్ళే మార్చమంటారు, తరవాత మాట తిప్పుతారు, నా మరదలే ఇలా సేసిందని లాయరుతో వచ్చి సెప్పాడు. మా సారు ఆలోచనలో పడ్డారు." పుష్ప గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "నిన్ను రమ్మనట్లేదు. తెలియాలని సెప్పాను."

హిమబిందు క్లాసులోకి తిరిగి వెళ్ళలేదు. పుస్తకాలు అక్కడే వదిలేసి బస్‌స్టాపుకు నడిచింది. దారిలో అక్కకు ఫోన్ చేసింది. సత్యశ్రీ ఎత్తింది. వెనక పాప ఏడుపు వినిపిస్తోంది.

"అక్కా, స్టేషన్‌కెళ్తన్నాను. ఈసారి ఉన్నదున్నట్టు సెప్తాను."

"నా గురించి కూడానా?"

"నీ గురించి కూడా."

సత్యశ్రీ ఫోన్ పెట్టేసింది.

స్టేషన్‌లో బల్ల మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. నల్ల దుపట్టా తల మీదికి లాక్కుని, వేళ్ళతో అంచు నలుపుతోంది. పక్కన ఆమె తండ్రి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. హిమబిందు వెళ్ళి ఆ బల్ల చివర కూర్చుంది.

"అక్కా, నీది కూడా సీటు పనేనా?" అని అడిగింది బుష్రా.

"అదే."

"నీకేటన్నారు? తిరిగొత్తదా?"

హిమబిందు అబద్ధం చెప్పలేదు. "రాదు."

బుష్రా తండ్రి తల తిప్పి చూశాడు. "ఆ నంబరు నానే సెప్పినానమ్మా," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "బిడ్డకి మంచి జరుగుద్దనుకున్నాను."

పుష్ప లోపలికి పిలిచింది. హిమబిందు ఎదురుగా కూర్చుని, మొదట ఇచ్చిన వాంగ్మూలం అబద్ధమని చెప్పింది. హాల్‌టికెట్ అక్క పంపిందని, నంబరు అమ్మ చెప్పిందని, మార్చింది బావ అని చెప్పింది. అబద్ధం చెప్పినందుకు తన మీద కూడా కేసు పెట్టొచ్చని పుష్ప హెచ్చరిస్తే, తెలుసంది.

సాయిశంకర్‌ను అరెస్టు చేశారు. కొన్నాళ్ళకు బెయిలు వచ్చింది. తమకేమీ తెలియదని కాలేజీ చెప్పి అతన్ని తీసేసింది. సైబర్ సెక్యూరిటీ బోర్డు మాత్రం అలాగే ఉంది, ఆ బ్రాంచిలో సీట్లు నిండాయి. బుష్రాకు ఆ ఏడాది ఎక్కడా చేరడానికి కుదరలేదు. సత్యశ్రీని స్టేషన్‌కు పిలిపించి సాయంత్రం దాకా ప్రశ్నించారు. అత్తింటివాళ్ళు మళ్ళీ గడప తొక్కనివ్వకపోతే పాపతో, ఒక సంచితో కూర్మన్నపాలెం వచ్చేసింది.

అక్కాచెల్లెళ్ళు ఇప్పుడు ఒకే గదిలో పడుకుంటున్నారు. పాప ఇద్దరి మధ్యా దొర్లుతుంది. హిమబిందు పొద్దున్నే కాలేజీకి తయారవుతుంటే సత్యశ్రీ గోడవైపు తిరిగి పడుకుంటుంది, నిద్రపోకుండా. ఆమె ఇంతవరకు చెల్లెలితో ఒక్క మాటా మాట్లాడలేదు.