సూర్యం ఆటోలో ఒక సీటు

"కుమారీ, సీటు మీద తువ్వాలు పరుసుకుని కూకో. నీ సేతుల జీడి అంటితే మరి వదల్దు."

మొగుడు తిరుమలరావు ఆ మాట మామూలుగానే అన్నాడు. అరవలేదు. బకెట్టు నీళ్లతో కారు అద్దాలు తుడుస్తున్న లక్ష్మీకుమారి తన చేతులకేసి చూసుకుంది. కాశీబుగ్గ ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడిన వేళ్లు. ఈ వేళ్లు వండిన అన్నం తినొచ్చు, కడిగిన కారు తోలొచ్చు, సీటు మాత్రం ముట్టకూడదు. నిజమే కదా, మరక పోదు కదా అని కూడా అనిపించింది. ఏమనుకోవాలో తేలలేదు.

కారు వచ్చి వారమైంది. దాని మీద కోపం తెచ్చుకుందామంటే కుదరడం లేదు. అత్తకి కిడ్నీలు పోయాయి. పలాసలో డయాలసిస్ చేయించుకుని, సూర్యం ఆటోలో జనం మధ్య ఇరుక్కుని, గోతి గోతికీ "ఓలమ్మో" అంటూ ఇల్లు చేరేది. ఇప్పుడు కాళ్లు చాపి, కోడలి ఒళ్లో తల పెట్టుకుని వస్తోంది. అది చూస్తే ఇంటికో కారుండాలి అనిపిస్తుంది కుమారికి. ఊరి మొగలో ఆటో ఆగే చోటికి వెళ్లేసరికి ఆ మనసు ఉండదు. సూర్యం ఆటో నిండితేనే కదులుతుంది. కార్లు కొన్న ఇళ్లవాళ్లు ఆటో ఎక్కడం మానేశారు. సీట్లు నిండేసరికి పొద్దెక్కిపోతోంది. ఆలస్యంగా వెళ్లిన ఆడవాళ్లని ఫ్యాక్టరీ గేటు దగ్గరే వెనక్కి పంపేస్తున్నారు.

ఫ్యాక్టరీలో పక్కన కూర్చునే చిన్నతల్లి నిన్న నేరుగానే అడిగింది.

"నువ్వూ కారెక్కేత్తే మా సంగతేటి సెప్పు? సూర్యం మూలపేట ఎల్లిపోతానంతన్నాడు. పోర్టు పనోళ్లయితే ఆటో బేగి నిండుతాదట."

"అత్త కోసమే కదే కొన్నాడు."

"అత్త కోసమైతే నువ్వెందుకు ఎక్కడం?"

అప్పట్నించీ అదే ఆలోచన. అవును, తనెందుకు? వాంతి అయితే కవరు పట్టడానికి. సూదులు గుచ్చిన చెయ్యి కదలకుండా చూడ్డానికి. ఆటో అయినా కారైనా ఆ పని తనదే, ఆ రోజు కూలి పోయేదీ తనకే. బావ మాత్రం స్టీరింగు పట్టుకున్న దగ్గర్నించీ "అమ్మని నానే తిప్పుతున్నాను" అని ఊరంతా చెప్పుకుంటున్నాడు. అది అబద్ధమూ కాదు. అక్కడే తికమక. కారు వద్దంటే అత్త మీద జాలి లేనట్టు. బాగుందంటే చిన్నతల్లి నోటి దగ్గర కూడు లాగేసినట్టు. ఎటు తిరిగినా ఎవరో ఒకరికి అన్యాయం చేస్తున్నట్టే ఉంది.

ఈ రోజు డయాలసిస్. అత్తని నడిపించుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టింది. వీపు వెనక దిండు సర్దింది. తను ఎక్కకుండానే తలుపు వేసింది.

"నువ్వెక్కవేటి?" అన్నాడు తిరుమలరావు.

"సూర్యం ఆటో నిండడానికి ఒక సీటు తక్కువైందట బావా. నాను పనికెల్తాను."

"మరి అమ్మనెవులు సూత్తారు?"

"నువ్వున్నావు కదా."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు. దించిన అద్దంలోంచి అత్త చెయ్యి బయటికొచ్చి కుమారి మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి.

"ఆడికి సేతకాదే అమ్మా. ఆడికేటి తెలుసు?"

కుమారి తలుపు దగ్గరికి వంగింది. తప్పు చేస్తోందేమో, తెలియదు. ఆ చేతిని మెల్లగా విడిపించి అత్త ఒళ్లో పెట్టింది.

"నేర్సుకుంతాడులే అత్తా. కారు తోలడం నేర్సుకోలేదేటి?"